మందు డ్రమ్ములో మాంసం కాల్చొద్దప్పా

ఈసారి పత్తి రేటు గురించి రాయడం లేదు, పంట బీమా గురించీ రాయడం లేదు. పొయ్యి గురించి రాస్తాన్నా. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. కొంచెం కోపంగానే ఉంటుంది, ముందే చెప్తాన్నా.

పోయిన నెల పక్క ఊర్లో దేవర. బంధువుల ఇంటికి పిలిస్తే పోయినా. మామూలుగా అయితే దేవర అంటే పొట్టేలు కూర, తలకాయ కూర, రొట్టె, అంతే గదా. ఈసారి ఇంటి వెనక కల్లంలో కుర్రోళ్ళు పది మంది గుమిగూడినారు. ఏందా అని పోయి చూస్తే రెండు నూర్ల లీటర్ల ఇనుప డ్రమ్ము. పొడుగునా అడ్డంగా కోసి, బందులు పెట్టి మూత చేసి, యాంగ్లర్ కాళ్ళు వేసి, పక్కన చిన్న పొగగొట్టం పెట్టి బార్బెక్యూ పొయ్యి చేసినారు. యూట్యూబ్‌లో చూసి వాళ్ళే చేసుకున్నారంట. పని బాగానే చేసినారు, అబద్ధమెందుకు చెప్పాల. లోపల పొట్టేలు తొడలు, కోళ్ళు పొగలో కాలుతున్నాయి. వాసన అదిరిపోతాంది. చిన్న పిల్లోళ్ళు పళ్ళేలు పట్టుకోని వరసలో నిలబడినారు.

నేను డ్రమ్ము చుట్టూ తిరిగి చూసినా. వెనక పక్క, కింద, సగం గీకేసిన లేబులు ఉంది. దాంట్లో చౌకం గుర్తు, ఆ చౌకంలో కింద సగం ఎర్ర రంగు.

మీకందరికీ తెలుసు అదేందో. మనం ఇరవై, ముప్పై ఏండ్ల నుంచి పత్తికి, మిరపకు, కందికి కొట్టే మందు డబ్బాల మీద అదే ఉంటుంది. ఎర్ర ముక్కోణం అంటే అన్నిటికన్నా పెద్ద విషం. దాని తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆఖరున పచ్చ. చదువు రాని మా నాయన కూడా ఎర్ర ముక్కోణం చూస్తే డబ్బాను దొడ్లోకి రానిచ్చేవాడు కాదు, చేన్లోనే గట్టు మీద పెట్టించేవాడు.

"ఏం డ్రమ్మప్పా ఇది?" అని అడిగినా.

"యాడిదో మామా. గుజిరీ అంగట్ల ఎనిమిది నూర్లకు ఇచ్చినాడు."

"దీంట్లో ఏముండేదో అడిగినావా?"

"ఏముంటే ఏం మామా, రెండు గంటలు కంప వేసి ఎర్రగా కాల్చినాం. అంతా బూడిదైపోయింది."

నేను తినలేదు. పిల్లోళ్ళను తినొద్దన్నా. ఒకరిద్దరు తల్లులు పళ్ళేలు లాక్కున్నారు, మిగతావాళ్ళు నన్ను చూసి నవ్వినారు. "పెద్దాయనకు పండ్లు లేవు, అందుకే వద్దంటాన్నాడు" అని ఒకడు. ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటి రోజు ఫోన్ చేసి మరీ చెప్పినాడు ఆ పిల్లోడు, "ఏమైంది మామా? అందరం బాగానే ఉండాం" అని.

ఆ "ఏమైంది" అనే మాటకే ఈ పోస్టు జవాబు.

2013 జులై 16న బీహారులో, సారణ్ జిల్లాలో, ధర్మాసతి గండామన్ అనే పల్లెలో ప్రాథమిక బడి. మధ్యాహ్న భోజనం తిన్న పిల్లోళ్ళలో 23 మంది చచ్చిపోయినారు. ఇరవై ముగ్గురు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని ల్యాబు పరీక్షలో తేలింది. మందు ఉండిన డబ్బాలో వంటనూనె పోసి పెట్టినారని అధికారులు చెప్పినారు. నూనె వాసన తేడాగా ఉందని వంట చేసే ఆమె ముందే చెప్పిందని కూడా అప్పట్లో పేపర్లో వచ్చింది. మోనోక్రోటోఫాస్ అంటే ఏందో మనకు ఎవరూ చెప్పే పని లేదు. ఆలూరు, ఆస్పరి, హొళగుంద చుట్టూ పత్తి వేసిన ప్రతి ఇంట్లో ఆ పేరు తెలుసు. కూరగాయల మీద కొట్టకూడదని 2005లోనే నిషేధం పెట్టినారు దాన్ని. ఆ బడిలో ఎవరూ కావాలని విషం పెట్టలేదు. డబ్బా బాగుంది, పారేయడం ఎందుకు అనుకున్నారు, అంతే. మన కల్లంలో డ్రమ్ము కూడా అంతే. "బాగుంది, పారేయడం ఎందుకు."

నూనె డబ్బా వేరు, కాల్చిన డ్రమ్ము వేరు అంటారు మీరు. నిజమే, వేరే. కాల్చితే కొన్ని మందులు విరిగిపోతాయి. కానీ ఆ డ్రమ్ములో ఏ మందు ఉండేదో మీకు తెలుసా? అమ్మినవాడికి తెలుసా? తెలియనిదాన్ని కాల్చితే ఏమవుతుందో ఎట్ల చెప్తారు? కొన్ని మందులు కాలేటప్పుడు వచ్చే పొగ మందుకన్నా చెడ్డది. ఆ రెండు గంటలు డ్రమ్ము పక్కన నిలబడి కంప ఎగదోసిన పిల్లోడు ఆ పొగంతా మింగినాడు. డ్రమ్ము లోపల తుప్పు పట్టకుండా పూసే పూత ఒకటి ఉంటుంది చానా వాటికి. అది కాలితే ఇంకో కంపు. సీసం, కాడ్మియం లాంటివి ఉంటే, మంట ఎంత పెద్దదైనా అవి నాశనం కావు. ఇంకోటి, డ్రమ్ము అంతా ఒకే తీరుగా ఎర్రబడదు. అడుగు ఎర్రగా కాలుతుంది, మూత అంచు, మడత, అతుకు లోపల ఉన్నది చల్లగానే ఉంటుంది. మందు దాక్కునేది ఆ మడతలోనే.

చట్టం కూడా ఊరికే చెప్పలేదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 44వ నిబంధన ఉంది. వాడిన మందు డబ్బాలను మళ్ళీ ఎవరూ వాడకుండా బయట వదలొద్దు, పగలగొట్టి, జనం ఉండే చోటుకు దూరంగా పూడ్చిపెట్టాల అని ఉంది దాంట్లో. మనలో ఎంతమంది చేస్తాన్నాం? చేను గట్టు మీద విసిరేస్తాం, లేదా కిలో లెక్కన గుజిరీకి వేస్తాం. ఆ డబ్బా తిరిగి తిరిగి మన పిల్లోళ్ళ పళ్ళెం దగ్గరికే వచ్చింది. తప్పు గుజిరీవాడిది ఒక్కడిదే కాదప్పా. మొదట అమ్మినోళ్ళం మనమే.

"మా తాత మందు డబ్బా కడిగి దాంట్లోనే నీళ్ళు తెచ్చుకోని తాగినాడు, ఎనభై ఏండ్లు బతికినాడు" అనేవాళ్ళు ప్రతి ఊర్లో ఇద్దరు ఉంటారు. బతికినాడు, సరే. బతకనోళ్ళు వచ్చి ఈ మాట చెప్పలేరు గదా.

డ్రమ్ము కోసేటప్పుడు ఉండే ముప్పు ఇంకొకటి. దీని గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా, ఎందుకంటే గుర్తు తెచ్చుకుంటేనే నాకు చెయ్యి వణుకుతుంది. డీజిలు, థిన్నరు, పెట్రోలు ఉండిన డ్రమ్ము ఖాళీగా ఉంటేనే ఎక్కువ ప్రమాదం. నిండా ఉంటే గాలి ఉండదు, ఖాళీగా ఉంటే లోపలంతా ఆవిరి. గ్యాస్ కట్టరు గానీ గ్రైండరు గానీ పెడితే ఒక నిప్పురవ్వ చాలు. మాకు తెలిసిన ఒక ఊర్లో మూత ఎగిరి ఒక పిల్లోడి దవడకు తగిలింది. బతికినాడు, మాట సరిగా రాదు. గ్యాసు సిలిండరు కోసి పొయ్యి చేద్దామనే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. సిలిండరు మన సొత్తు కాదు, కంపెనీది. కోస్తే తప్పు, పేలితే చావు.

ఇంత తిట్టినాక మీరు అడుగుతారు, "అయితే పొయ్యే వద్దంటావా అన్నా?" కాదు. పొయ్యి కావాలంటాన్నా. అసలు పొగలో మాంసం మనకు కొత్తేం కాదు. మా అవ్వ పొట్టేలు కోసిన రోజు తునకలు సన్నగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దారానికి గుచ్చి పొయ్యి మీద దూలానికి కట్టేది. ఉప్పుకండలు అంటారు, ఎండు తునకలు అంటారు, ఊరికొక పేరు. రోజూ పొయ్యి పొగ తగిలి తగిలి గట్టిపడేవి. నెలల తరబడి నిలువ ఉండేవి. ఫ్రిజ్జు లేని కాలంలో అదే ఫ్రిజ్జు. ఇప్పుడు బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లోళ్ళకు అదే ముచ్చట బార్బెక్యూ పేరుతో కనిపిస్తాంది. సంతోషమే. కానీ మా అవ్వ ఏ డబ్బా పడితే ఆ డబ్బాలో వండలేదు.

ఇంకో సంగతి చెప్తా, మీలో చానామందికి తెలిసి ఉండదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఈ పొగపొయ్యిలకు పెద్ద పేరు. వాళ్ళు వాడే కట్టెల్లో ఒకటి మెస్కీట్. ఆ మెస్కీట్ మన కంపచెట్టుకు దాయాది, రెండూ ఒకే వంశం. మన గట్ల మీద, వంకల్లో, చెరువు కట్టల మీద ఎక్కడ చూసినా ఉండే సర్కారు కంపే. కన్నడం వాళ్ళు దీన్ని బళ్ళారి జాలి అంటారు. ఇది మన దేశానికి వచ్చింది 1877లో. జమైకా దీవి నుంచి విత్తనాలు తెప్పించి మొదట నాటింది యాడనుకుంటాన్నారు? కడప జిల్లా కమలాపురంలో. అంటే ఈ చెట్టు మన దేశంలో మొదట కాలు పెట్టింది మన సీమలోనే. నూట నలభై ఏండ్లకు పైగా మనం దీన్ని తిట్టుకుంటానే ఉన్నాం. భూమిలో నీళ్ళు తాగేస్తాందని, ముల్లు దిగితే టైరు కూడా మిగలదని, జేసీబీ పెట్టి పీకించినా మళ్ళీ మొలుస్తాందని. అన్నీ నిజమే. కానీ దీని కట్టె గట్టిది, బొగ్గు ఎక్కువసేపు నిలుస్తుంది, పొగలో కమ్మదనం ఉంటుంది. అమెరికావాడు డబ్బు పెట్టి కొనే కట్టె లాంటిది మన గట్టు మీద ఊరికే దొరుకుతాంది. దాన్ని విషం డ్రమ్ములో వేసి కాలుస్తాన్నాం.

టెక్సాస్‌లో ఆ పొయ్యిలు ఎట్ల పుట్టినాయో అదీ మనకు పనికొచ్చే ముచ్చటే. నూనె బావుల దగ్గర పని చేసే వెల్డర్లు మిగిలిపోయిన లావు ఇనుప గొట్టాలు కోసి, ఒక పక్క నిప్పు పెట్టె అతికించి చేసుకున్నారు. పాతికంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల మందం గొట్టాలు. మనకు నూనె బావులు లేవు, ఎండిపోయిన బోర్లు ఉన్నాయి. నా పొయ్యి పొగగొట్టం 480 అడుగులు పోయి దుమ్ము లేచిన బోరు కేసింగుది. నీళ్ళు ఇవ్వలేదు, పొగన్నా పోనిస్తాంది. (పూత లేని నల్ల కేసింగు అయితేనే వాడండి. తెల్లగా మెరిసేది వద్దు, ఎందుకో కింద చెప్తా.)

అది చెప్పే ముందు నా తప్పు కూడా చెప్పాల, లేకుంటే నీతులు చెప్పేవాడు అనుకుంటారు.

నాలుగేండ్ల కింద నేను మొదటిసారి ఈ పొయ్యి చేసుకున్నప్పుడు, కొట్టం పైకప్పుకు వేసి మిగిలిన తెల్ల రేకు ఇంట్లో ఉండె. జింకు పూత రేకు, మీద పువ్వు పువ్వుగా మెరుస్తా ఉంటుంది చూడండి, అదే. ఊరికే ఉంది గదా అని నిప్పు పెట్టె లోపల దాన్నే వేసి నేనే వెల్డింగ్ పెట్టినా. వాన పడతాందని తలుపు మూసుకోని షెడ్డులో కూర్చోని చేసినా. తెల్లటి పొగ లేచింది, దూది పింజల మాదిరి తెల్ల పొడి ఎగిరింది. నోట్లో తియ్యగా, ఇనుము నాకినట్టు రుచి. పట్టించుకోలేదు. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు చలి. మామూలు చలి కాదు, రెండు కంబళ్ళు కప్పినా పండ్లు కటకటా కొట్టుకున్నాయి. ఒళ్ళు నొప్పులు, జ్వరం. మలేరియా అనుకోని తెల్లవారి టౌనుకు పోతే డాక్టరు రక్తం తీయించి, "నిన్న ఏం పని చేసినావు?" అని అడిగినాడు. చెప్తే, "అది జింకు పొగ జ్వరం, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మళ్ళీ ఆ పని చేయొద్దు" అన్నాడు. మాపటికి తగ్గింది కూడా.

జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర ఆవిరై మరుగుతుంది. వెల్డింగ్ మంట ముందు ఆ లెక్క ఎంత? వెల్డింగ్ చేసే పిల్లోళ్ళు పాలు తాగితే ఏం కాదు అంటారు. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ యాడ కలుస్తాయి? గాలి తగిలే చోట, పూత లేని రేకు మీద పని చేస్తే పాలు ఇంట్లో పిల్లోళ్ళు తాగుతారు.

జింకు పూత జాలీ మీద మాంసం పెట్టడం కూడా ఇంతే తప్పు. మనం నిమ్మకాయ, పెరుగు, చింతపండు పట్టించి పెడతాం. పులుపు జింకును కరిగిస్తుంది. అది కడుపులోకి పోతే వాంతులు. కోళ్ళ గూటికి వేసే జాలీ కోళ్ళ గూటికే వేయండి, కాల్చిన కోడికి వద్దు. పాత ఫ్రిజ్జులో అరలు తీసి గ్రిల్లు మాదిరి వాడేవాళ్ళు ఉండారు, వాటిల్లో కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది. అది జింకు మాదిరి ఒక రోజు జ్వరంతో పోయేది కాదు.

ఇంక అసలు లెక్క. "కొత్త ఇనుము అంటే లక్షలవుతాయి" అనేవాళ్ళ కోసం, నేను చేయించిన కొలతలు ఇవి.

మాంసం పెట్టె: పొడవు 3 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. మూడు మిల్లీమీటర్ల నల్ల రేకు. ఒక 8 అడుగులు, 4 అడుగుల రేకు చాలు. దాంట్లో 3 అడుగులు, అడుగున్నర పలకలు నాలుగు, అడుగున్నర చదరం పలకలు రెండు వస్తాయి. ఇంకా అడుగు వెడల్పు పట్టీ ఒకటి పొడుగునా మిగులుతుంది, అది లోపల నిప్పు నేరుగా మాంసానికి తగలకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తుంది. ఆ రేకు బరువు దగ్గర దగ్గర 70 కిలోలు. నిప్పు పెట్టె విడిగా, ఒక చివర, కొంచెం కిందికి: అన్ని పక్కలా అడుగుంబావు. దీనికి 5 మిల్లీమీటర్ల రేకు వేయండి, మంట తగిలేది ఇక్కడే. పల్చటి రేకు వేస్తే రెండు దసరాలకు వంగిపోతుంది. ఇది 34 కిలోలు. కాళ్ళు, యాంగ్లర్, బందులు కలిపి ఇంకో ఇరవై కిలోలు వేసుకోండి. మొత్తం 125 కిలోలకు అటూ ఇటూ. నేను కొన్నప్పుడు కిలో 70 పడింది, అంటే తొమ్మిది వేల లోపల. వెల్డింగ్ కూలి, రాడ్లు కలిపి ఇంకో నాలుగు వేలు. పదమూడు వేలు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిస్తే తలా ఎంత? మన చేతిలో ఉన్న ఫోను ఎంత?

ఇంకో మాట, ఈ ఇనుము యాడిదో తెలుసా? బళ్ళారి పక్కన తోరణగల్లులో అంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. మన పక్క కొండలు తవ్వి, మన రోడ్ల మీద లారీలు తిప్పి, మన పైర్ల మీద ఎర్ర దుమ్ము పోసి చేసిన ఇనుము. కొత్త రేకు మీద మనకు హక్కు లేనట్టు, పాత డ్రమ్ములే మన మొహానికి చాలన్నట్టు ఉంటామేం?

కట్టేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినవి. పొగపొయ్యి అంటే మంట మీద కాల్చేది కాదు, నిప్పు ఒక పక్క, మాంసం ఇంకో పక్క. వేడిగాలి, పొగ మాంసం మీదుగా పారి అవతలి చివర గొట్టంలో నుంచి పోవాల. అందుకే నిప్పు పెట్టెకు గాలి పోవడానికి కింద ఒక తలుపు, అవతలి పక్క పొగగొట్టం. గొట్టం మాంసం పెట్టిన ఎత్తులో మొదలు పెడితే వేడి పైనే పారిపోకుండా మాంసానికి తగులుతుంది. గొట్టం మూడు, నాలుగు అంగుళాలు చాలు. నాది ఆరు అంగుళాల కేసింగు కాబట్టి మూత పెట్టి సగం మూసి వాడతా. మాంసం పెట్టెలో వేడి 110 నుంచి 120 డిగ్రీల దగ్గర నిలవాల. మూత మీద వేడి చూపించే ముల్లు ఒకటి పెట్టించుకోండి, ఊహల మీద వద్దు. పొట్టేలు తొడ అయితే నాలుగైదు గంటలు. ఓపిక లేనోళ్ళు కూర వండుకోండి, దాంట్లో తప్పేం లేదు.

పొగ పల్చగా, నీలంగా ఉండాల. తెల్లగా, మందంగా వస్తాందంటే కట్టె పచ్చిది, లేదా గాలి సరిపోవడం లేదు. ఆ తెల్ల పొగ మాంసం మీద తారు మాదిరి అంటుకోని చేదెక్కుతుంది. కంప కోసి ఎండకు ఆరు నెలలు వదిలితే చాలు, మన ఎండకు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. నల్ల తుమ్మ కూడా బాగుంటుంది. గన్నేరు కట్టె పొరపాటున కూడా వేయొద్దు, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు వద్దు. టైరు ముక్క వేసి రాజేయడం అలవాటు ఉంది మనోళ్ళకు. తలకాయ, కాళ్ళు కాల్చేటప్పుడు రోడ్డు పక్కన నేను చూస్తానే ఉంటా. ఆ నల్ల పొగలో ఉన్నదంతా తోలు మీద అతుక్కుంటుంది, గీకినా పూర్తిగా పోదు. రెండు కొబ్బరి పీచులు, కొంచెం ఎండు కంది కట్టె వేస్తే టైరు ఎందుకు?

పొయ్యి లోపల రంగు వేయొద్దు. బయట వేసుకోండి, వేడికి తట్టుకునేది దొరుకుతుంది. లోపల శెనక్కాయ నూనె గుడ్డతో తుడిచి, మాంసం పెట్టకుండా మూడు గంటలు ఖాళీగా మండించండి. ఇనుప పెనం కొత్తగా తెచ్చినప్పుడు ఇంట్లో ఆడోళ్ళు చేసేది ఇదే. గ్రిల్లుకు మాత్రం స్టీలు కడ్డీలు వేయించండి, 304 అని అడిగి. నాలుగైదు నూర్లు ఎక్కువ అవుతాయి, అక్కడ మిగిలించొద్దు. పొయ్యి బయటే ఉండాల, చలికాలం అని నిప్పు పెట్టెను ఇంట్లోకి తెచ్చి తలుపులు వేసుకోని పడుకుంటే బొగ్గు పొగకు తెల్లవారి లేవరు.

ఆ పదమూడు వేలు కూడా లేనోళ్ళు ఉంటారు, నాకు తెలుసు, ఈ ఏడు వానలు చూసినాం గదా. వాళ్ళు మట్టి ఇటుకలు పేర్చి గోడ కట్టుకోండి, పైన స్టీలు కడ్డీలు, మీద ఒక పూత లేని రేకు మూత. దానికి చానా తక్కువ పడుతుంది. డ్రమ్మే కావాలంటే, ఏముండేదో రాసిపెట్టి ఉన్న తిండి డ్రమ్ము తెచ్చుకోండి. చిత్తూరు పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సంచిలో పోసి డ్రమ్ముల్లో పెడతారు, అలాంటివి. లేబులు ఉండాల, మూత మీద సీలు ఉండాల, నువ్వు కళ్ళారా చూడాల. "తిండి డ్రమ్మే మామా" అని అమ్మేవాడి మాట మీద కాదు.

వెల్డింగ్ చేసే తమ్ముళ్ళకు ఒక మాట. ఎవడైనా లేబులు గీకేసిన డ్రమ్ము తెచ్చి కోయమంటే కోయొద్దు. మూడు నూర్ల కూలి పోతే పోనీ. కోసేది నువ్వు, మొదట పొగ మింగేది నువ్వు, ఎగిరితే మొదట తగిలేదీ నీకే. గుంటక పళ్ళు, గొర్రు, ట్రాలీ బాడీ, గేట్లు, నీ చేతికి పని కరువు లేదు. మేం కూడా, అంటే రైతులం, వాడు చెప్పిన కూలి దగ్గర బేరం ఆడకుండా ఇస్తే వాడికి ఆ డ్రమ్ము కోసే అగత్యం రాదు. మాస్కు కొనిస్తే ఇంకా మంచిది, నేను కొనిచ్చినా.

మళ్ళీ చెప్తాన్నా, నేను ఎవరి పేరూ రాయలేదు, రాయను. ఆ దేవరలో కాల్చినోళ్ళు మంచి పిల్లోళ్ళు. బంధువులకు కొత్తగా ఏదన్నా పెట్టాలనే ఆశతోనే చేసినారు. దసరా వస్తాంది, దేవరగట్టు బన్నికి లోకమంతా మన పక్కకు వస్తుంది, ఇండ్లనిండా చుట్టాలు. ఇట్లాంటి డ్రమ్ములు ఇంకా ఎన్ని ఊర్లలో కోసి సిద్ధంగా పెట్టుకున్నారో. నాకు తెలిసి మన చుట్టుపక్కల మూడు ఉన్నాయి.

మొన్న ఆ పిల్లోడే మళ్ళీ ఫోన్ చేసినాడు. ఈసారి నవ్వలేదు. "మామా, మా పాప ఆ రోజు రెండు ముక్కలు తినింది. ఏమన్నా అవుతుందా?" అని. పాప బాగుందంటే భయపడొద్దు, ఏమన్నా తేడా కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపో, మందు డ్రమ్ము సంగతి దాచకుండా చెప్పు అన్నా. డ్రమ్ము ఏం చేయాలన్నాడు. గుజిరీకి తిరిగి వేయొద్దు, వేస్తే ఇంకో ఊరి దేవరకు పోతుంది అన్నా. గునపంతో నాలుగు పక్కలా బొక్కలు కొట్టి, ట్రాక్టరు ఎక్కించి చప్పగా తొక్కించి, ఊరికి, బావికి దూరంగా గుంట తీసి పూడ్చినాడు. వీడియో పంపినాడు. నిప్పు పెట్టెకు అడుగుంబావు చాలా, అడుగున్నర వేయించాలా అని అడిగినాడు. అడుగుంబావు చాలని చెప్పినా.